భుజాన రెండు లీటర్లు

ఒంగోలు మంగమూరు రోడ్డులో పార్సిల్ గోడౌన్ షట్టర్ సగమే లేచి ఉంది. తల వంచుకుని లోపలికి వెళతారు. ఏప్రిల్ ఆఖరు వారం, ఉదయం ఎనిమిది గంటలు. అగ్నికార్తెలకు ఇంకా రెండు వారాల టైముంది, రేకుల కప్పు మాత్రం అప్పుడే వేడెక్కి చిటపటమంటోంది. గచ్చు మీద అట్టపెట్టెల గుట్టలు. ముగ్గురు కుర్రాళ్లు వాటిని వీధుల వారీగా వేరు చేస్తున్నారు: లాయర్‌పేట, భాగ్యనగర్, సంతపేట, గాంధీ రోడ్డు, త్రోవగుంట. వాళ్లలో ఒకడి బండెక్కి ఈరోజు ఊరంతా తిరగబోతున్నారు మీరు.

అతనికి పాతికేళ్లుంటాయి. మీ చేతిలోని లీటరు సీసా వంక చూసి తల అడ్డంగా ఊపుతాడు.

"అదెక్కడ పెట్టుకుంటావన్నా? నా ముందొక మూట, నీ ఒళ్లో ఒక మూట. సీసా తీసి మూత తిప్పేలోపు ఇంకో ఇల్లొచ్చుద్ది. ఇట్టా అయితే తాగవు. ఇది తగిలించుకో."

కొక్కేనికి వేలాడుతున్న సన్నటి నల్ల సంచి తీసి ఇస్తాడు. ఆన్‌లైన్లో వెయ్యి లోపే వచ్చిందట, తను పంచే పెట్టెల్లోనే తన పేరున. జిప్పు లాగితే లోపల నీలంరంగు తిత్తి, మెత్తటి ప్లాస్టిక్‌ది, రెండు లీటర్లు పడుతుంది. వెడల్పాటి మూత తిప్పి తీసి, రాత్రి ఇంట్లో గడ్డకట్టించి తెచ్చుకున్న ఐసు ముక్కలు ముందు వేస్తాడు. మూల స్టాండు మీదున్న ఇరవై లీటర్ల క్యాను వంచి నీళ్లు నింపుతాడు. మూత బిగించాక తిత్తిని తలకిందులు చేసి, గొట్టం చివర నోరు పెట్టి లోపలి గాలంతా పీల్చేస్తాడు. గాలి మిగిలితే బండి గతుకుల్లో పడ్డప్పుడల్లా వీపు మీద గుళగుళమంటుందట. తర్వాత గొట్టం మూతిని నీళ్లతో కడిగి మీకిస్తాడు.

గొట్టం తిత్తి అడుగున మొదలై, మీ కుడిభుజం మీదుగా వచ్చి గుండెల దగ్గర క్లిప్పుకి ఆగుతుంది. పళ్లతో నొక్కితే నీళ్లొస్తాయి, వదిలితే ఆగిపోతాయి. ఛాతీ మీద పట్టీ బిగించుకుంటారు. రెండు కిలోల చల్లదనం వీపుకి అంటుకుని ఒళ్లు ఒక్కసారి జలదరిస్తుంది.

ఆ క్యాను నీళ్లు వాటర్ ప్లాంటువి. ఒంగోల్లో ఏ ఇంటికెళ్లినా నీళ్లు రెండు రకాలు. బోరువి ఉప్పన, అవి వాడకానికి. మంచినీళ్లు వేరే బిందెలో, వేరే మూత కింద. పంపు రోజూ రాదు. వచ్చే నీళ్లూ ఇక్కడివి కావు, కృష్ణవి. నాగార్జునసాగర్‌కి 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేస్తే, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఆ కుడి కాలువ నీళ్లే పల్నాడు దాటి, రామతీర్థం రిజర్వాయర్ మీదుగా వచ్చి, ఈ ఊరి సమ్మర్ స్టోరేజీ చెరువుల్లో చేరి, అక్కడి నుంచి పంపుల్లోకి ఎక్కుతాయి. కాలువ కట్టేశాక చెరువులో మట్టం ఎంతుంది అన్నది ఎండాకాలమంతా ఊరి మాట. పంపు రాని రోజున క్యాను ఆటో హారన్ కోసం చెవి ఒకటి వీధి వైపే ఉంటుంది.

కర్నూలు రోడ్డు ఎక్కేసరికి తొమ్మిదిన్నర. ప్రతి ఇంటి ముందూ అదే వరస. స్టాండు వేయడం, ఫోను చేయడం, మెట్లెక్కడం, ఓటీపీ అడగడం, మెట్లు దిగడం. మూడంతస్తుల మీద ఒకావిడ మంచం కోడు సైజు పెట్టె తీసుకుని, "మంచినీళ్లు ఇమ్మంటావా నాయనా" అని అడుగుతుంది. వద్దని దణ్ణం పెట్టి దిగుతాడతను. తాగడం మొదలుపెడితే ప్రతి ఇంటి దగ్గరా రెండు నిమిషాలు పోతాయి. అలా అడిగే ఇళ్లు ఈ ఊళ్లో ఇంకా ఉన్నాయి, అది చిన్న సంగతి కాదు.

పడమటి గాలి మొహాన కొడుతోంది. చెమట పడుతున్నట్టే అనిపించదు మీకు. పడుతోంది, పడ్డది పడ్డట్టు గాలి ఎత్తుకుపోతోంది. పదకొండింటికి అతని చొక్కా మీద పట్టీ అంచు వెంట తెల్లటి గీత తేలుతుంది. వేలితో రాస్తే గరుకు, ఉప్పు. ఇంత ఎండలో ఒళ్లొంచి పనిచేసే మనిషికి గంటకి లీటరు దాకా చెమట పోతుంది. ఆ లీటరు పూర్తిగా ఆరిందంటే ఒంట్లోంచి సుమారు 580 కిలోకేలరీల వేడి బయటికి పోయినట్టు. గాలి మన చర్మం కన్నా వేడిగా ఉన్న రోజున గాలి తగిలినా ఒళ్లు కాగుతుందే తప్ప చల్లబడదు. అప్పుడు ఒంటికి చెమటొక్కటే దిక్కు. చెమటకి నీళ్లు దిక్కు.

దాహమేస్తుంది. రబ్బరు మూతి నోట్లో పెట్టుకుని నొక్కుతారు. నాలుక చురుక్కుమంటుంది. గొట్టంలో నిలిచిన నీళ్లు ఎండకి కాగిపోయాయి.

"మొదటి గుక్క తాగమాకన్నా," ముందు నుంచే అరుస్తాడు. "చేతిలోకి వదిలి మొహానికి రాసుకో. రెండోది చల్లగా ఉంటది. తాగినాక గొట్టంలోకి గట్టిగా ఊదు, నీళ్లు సంచిలోకి ఎనక్కి పోతయ్. అప్పుడిక కాగవు."

ఊదుతారు. నిజమే, పావుగంట తర్వాత మొదటి గుక్కే చల్లగా దిగుతుంది. పావుగంటకోసారి అన్నది అతని లెక్క. ఎర్ర లైటు పడితే ఒక గుక్కెడు, ఫోన్ ఎత్తకపోతే ఇంకో గుక్కెడు. ఎవరూ నేర్పలేదట. అమెరికాలో కార్మికుల ఆరోగ్యం చూసే నియోష్ అనే సంస్థ ఎండలో పనిచేసేవాళ్లకు ఇదే చెబుతుంది: పదిహేను ఇరవై నిమిషాలకోసారి ఒక గ్లాసు, అంటే పావు లీటరు, గంటకి లీటరున్నర మాత్రం దాటొద్దు. పొద్దుణ్నుంచీ ఓర్చుకుని ఒంటిగంటకి సీసాడు నీళ్లు ఒక్క గుటకలో తాగేసే అలవాటు మన దగ్గర ఎక్కువ. కడుపు బరువెక్కుతుంది, ఒంటికి పట్టేది తక్కువ. చెమటతో పోయిన ఉప్పు తిరిగి రాకుండా వట్టి నీళ్లే మరీ ఎక్కువ తాగితే రక్తంలో సోడియం పడిపోయి, తల తిరగడం దగ్గర్నుంచి ఫిట్స్ దాకా పోవచ్చు. అందుకే అతని బండి డిక్కీలో ఒక చిన్న డబ్బా ఉంది. వాళ్లమ్మ పోసిచ్చిన ఉప్పు మజ్జిగ, కరివేపాకు రేక ఒకటి పైన తేలుతూ.

చర్చి సెంటర్లో బండి ఆపుతాడు. తాటాకు పందిరి కింద చలివేంద్రం. ఇసక పరిచి, ఇసక మీద నాలుగు కుండలు, కుండల చుట్టూ తడిపిన గోనెపట్టాలు. ఒక కుండ అడుగున చెమ్మ ఊరి మట్టి ముదురు రంగు తేలింది. ఆ చెమ్మే ఆరుతూ లోపలి వేడిని లాక్కుపోతుంది, మన ఒంటి మీద చెమట చేసే పనే. పడమటి గాలి పొడిగా వీచే రోజున కుండ నీళ్లు బాగా చల్లబడతాయి, సముద్రపు గాలి చెమ్మగా తిరిగిన రోజున అంతగా చల్లబడవు. నీళ్లు పోసే పెద్దావిడకి ఇది బాగా తెలుసు. "ఇయ్యాల గాలి మంచిది, నీళ్లు సల్లగుంటయ్, తాగండి," అంటుంది.

ఆటో డ్రైవర్లు, ముఠా కూలీలు, పుస్తకాల సంచితో ఇద్దరు ఇంటర్ పిల్లలు. చాలామంది గ్లాసు ముట్టుకోరు. నడుం వంచి, చేతులు రెండూ కలిపి దోసిలి పడతారు. ఆవిడ పొడుగు కాడ ఉన్న గరిటెతో పైనించి సన్నటి ధార వదులుతుంది. చాలన్నప్పుడు తల ఊపుతారు, ధార ఆగుతుంది. గ్లాసు తీసుకున్నవాళ్లు కూడా ఎత్తి పోసుకుంటారే గాని పెదవి తగలనివ్వరు. ఒక్క చుక్కా ఎవరి ఎంగిలీ కాకుండా వందల మంది తాగుతున్నారు.

ఆవిడ చూపు మీ గుండెల మీదున్న గొట్టం దగ్గర ఆగిపోతుంది.

"అదేంది నాయనా, ఒంట్లో బాగాలేదా? సెలైను పెట్టుకుని ఎండన తిరుగుతుండావు?"

ఆవిడకి తెలియకుండానే ఆ సంచి పుట్టుక చెప్పేసింది. 1988లో అమెరికా టెక్సస్ రాష్ట్రంలోని విచిటా ఫాల్స్‌లో వంద మైళ్ల సైకిల్ పందెం జరిగింది. అదీ మండుటెండలోనే, పందెం పేరే ఎండ మీద పెట్టారు. మైకేల్ ఐడ్సన్ అనే అంబులెన్సు ఉద్యోగి ఆసుపత్రి సెలైన్ సంచిలో నీళ్లు నింపి, దాన్ని పొడుగాటి మేజోడులో దూర్చి, చొక్కా వీపుకి పిన్నులతో కుట్టుకుని, గొట్టం భుజం మీదుగా తెచ్చుకుని పందెంలో తొక్కాడు. మరుసటేడు అదే కామెల్‌బ్యాక్ అనే కంపెనీ అయింది. సైకిళ్లవాళ్లు, కొండలెక్కేవాళ్లు, సైనికులు వాడగా వాడగా ఇప్పుడు ఒంగోలు పార్సిల్ కుర్రాడి వీపు మీదకి వచ్చింది.

మన వాళ్లకి మాత్రం నీళ్లు వెంట మోసుకుపోవడం ఎప్పుడు తెలియదు? పశువుల వెంట పోయేవాళ్లు ఎండిన సొరకాయ బుర్రకి తాడు కట్టి భుజాన వేసుకున్నారు. రైలెక్కితే మరచెంబు ఉండేది, మూత మరలు తిప్పి బిగిస్తే ఎంత కుదిపినా చుక్క కారదు. లారీల ముందు గుడ్డ సంచుల్లో నీళ్లు వేలాడేవి, బండి గాలికే చల్లబడేవి. వాటన్నిటిలోంచీ నీళ్లు పదిమందికి పోసేవాళ్లు. ఈ గొట్టం సంచి ఒక్కటే ఒక్కరి నోటికి కట్టుబడింది. దాహమన్నవాడికి ఇందులోంచి ఇవ్వలేరు మీరు. అందుకే అతను ఒక పని చేస్తాడు. బండి సైడుకి తాడుతో ఇంకో లీటరు సీసా కట్టుకుంటాడు, అది తనకి కాదు. సిగ్నల్ దగ్గర నిలబడ్డ ట్రాఫిక్ కానిస్టేబుల్ చెయ్యి చాపితే సీసా తీసిస్తాడు. కానిస్టేబుల్ టోపీ వెనక్కి తోసి, ఎత్తి పోసుకుని, సగం తాగి, మిగతా సగం తిరిగిస్తాడు.

పన్నెండున్నరకి త్రోవగుంట దాటి నాగులుప్పలపాడు వైపు పోతారు. నల్లరేగడి నెర్రెలిచ్చింది. రోడ్డు పక్క కల్లంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి, కంటికి ఆనినంత మేర ఎరుపు. ఘాటు ముందు ముక్కుకి, తర్వాత కళ్లకి, తర్వాత గొంతులోకి. దగ్గొస్తుంది. టార్పాలిన్ నీడలో పదిమంది ఆడవాళ్లు గుండ్రంగా కూర్చుని తాలుకాయలు ఏరుతున్నారు, ముక్కుల మీదుగా కొంగులు బిగించుకుని. ఇక్కడ ఇవ్వాల్సింది వాళ్ల మేస్త్రీ పేరున వచ్చిన పార్సిల్, సెల్‌ఫోన్ ఛార్జరు.

వాళ్ల మధ్య పదిహేను లీటర్ల పాత నూనె డబ్బా, చుట్టూ తడి గోనెసంచి కుట్టేసి ఉంది. ఒక చిన్నపిల్ల చెంబుతో తిరుగుతోంది, పదకొండేళ్లుంటాయేమో. ఏరేవాళ్లెవరూ చెంబు పట్టుకోరు. మిరపకారం పట్టిన చేతులతో చెంబు అంచు ముట్టుకుంటే తర్వాత తాగేవాళ్ల పెదాలు మండిపోతాయి. అందుకని తల వెనక్కి వంచి నోరు తెరుస్తారు, పిల్ల పోస్తుంది. ఒకావిడ తాగి, మోచేత్తో మూతి తుడుచుకుని, మీ గొట్టం కేసి చూస్తుంది. "మాకిట్టాంటిది ఉంటే చేత్తో ముట్టుకునే పనే ఉండదు గందా," అంటుంది. ఆ మాటలో న్యాయముంది. సైకిల్ పందేలవాళ్ల కోసం చేసిన ఈ సంచి అసలు ఎక్కువ పనికొచ్చేది ఇక్కడ, చేతులు ఖాళీలేనివాళ్లకి, చేతులు మండేవాళ్లకి. పక్కనున్నావిడ వెంటనే అందుకుంటుంది: "ఉంటే మాత్రం? తాగినాక యాడికి పోతావ్, ఈ కల్లంలో?" అందరూ నవ్వుతారు. ఆ నవ్వు అక్కడితో ఆగుతుంది, చేతులు మళ్లీ కాయల మీదకి పోతాయి.

రెండింటికి బస్టాండు. ఊరు ఖాళీ అయింది, రోడ్డు మీద కుక్క కూడా లేదు. 2015 మే నెలలో ఇలాంటి మధ్యాహ్నాల్లోనే వడగాలులకు ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మందికి పైగా పోయారు, జిల్లాల లెక్కల్లో ప్రకాశం ముందు వరసలో నిలిచింది. పోయినవాళ్లలో ఎండలో కూలికి పోయినవాళ్లు, ముసలివాళ్లు ఎక్కువ. ఇప్పుడు రెండింటి నుంచి మూడున్నర దాకా పార్సిళ్లు ఆపుతాడతను. ఆ గంటన్నరకి డబ్బులు రావు.

సిమెంటు బెంచీ మీద మీ పక్కన ఒక పెద్దాయన, కనిగిరి బస్సు కోసం. నడుం వంగదు, మెడ తిరగదు. మీతో మాట్లాడాలంటే మనిషి మొత్తం తిరగాలి. నవ్వితే పళ్ల మీద గోధుమరంగు చారలు. కాళ్ల దగ్గర అయిదు లీటర్ల డబ్బా, ఒంగోల్లో బంధువులింట్లో నింపుకున్నవి. "మా ఊరికీ ఇప్పుడు మంచి నీళ్లొస్తన్నయ్, ఏరే చోటి నుంచి పైపులేసినారు. అయినా అలవాటు పోలేదు. యాడికి పోయినా ఆ ఊరి నీళ్లు డబ్బాడు తెచ్చుకుంటా."

దేశంలో ఫ్లోరోసిస్ జబ్బుని వైద్యులు మొట్టమొదట రాసిపెట్టింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ నెల్లూరు జిల్లాలో. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు అప్పుడు ఆ జిల్లాలోవే. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడ్డప్పుడు ఇటు కలిశాయి, 1972లో జిల్లాకి ప్రకాశం పేరొచ్చింది. తాగే నీళ్లలో ఫ్లోరైడు లీటరుకి ఒక మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేకపోతే ఒకటిన్నర దాకా ఓర్చుకోవచ్చని మన ప్రమాణం. అంతకు మించిన బోరు నీళ్లు ఏళ్ల తరబడి తాగినవాళ్లకి ముందు పళ్లు, తర్వాత కీళ్లు, చివరికి వెన్ను పట్టేస్తాయి. ఎండ ఎక్కువున్న చోట మనిషి ఎక్కువ తాగుతాడు, తాగిన కొద్దీ ఫ్లోరైడు ఇంకా ఎక్కువ చేరుతుంది. ఎక్కువ నీళ్లు తాగండి అనే మంచి మాట ఆ ఊళ్లలో తరాల పాటు మనుషులను వంచేసింది. ఎన్ని నీళ్లు అని అడిగే ముందు ఏ నీళ్లు అని అడగడం ఈ జిల్లా కీళ్లు అరిగి నేర్చుకున్నది. పెద్దాయన డబ్బా ఎత్తబోతే మీరు అందుకుని బస్సులో పెడతారు. "సల్లగుండు నాయనా" అంటాడు.

బస్సు నీడన మెట్టు మీద కూర్చుంది కండక్టరమ్మ. పక్కన స్టీలు సీసా, నిండా. మూత విప్పి రెండు చుక్కలు నాలుక మీద వేసుకుని మళ్లీ బిగించేస్తుంది.

"తాగండమ్మా, ఇంత ఎండలో," అంటారు మీరు.

ఆవిడ మీ వైపు కాసేపు చూస్తుంది. మీ గొట్టం వైపూ చూస్తుంది.

"పొద్దున అయిదింటికి నింపినానండీ. గొంతు తడుపుకుంటానంతే. బస్సు బయల్దేరితే మళ్లీ పెద్ద బస్టాండు వచ్చేసరికి రెండు గంటలు. మధ్యలో ఆపే ఊళ్లలో మగాళ్లు దిగి చెట్టు చాటుకి పోతారు. నేనెక్కడికి పోను? తాగితే కదా పోవాల్సింది. అందుకని తాగను."

నిజం అంతే, ఇంత సూటిగా ఉంది. ట్రంకు రోడ్డులో చీరల కొట్లలో నిలబడే అమ్మాయిలు, తెల్లారక ముందే చీపురు పట్టే పారిశుద్ధ్య కార్మికులు, ఎండలో నిలబడే ఆడ కానిస్టేబుళ్లు, ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తలు, అందరి దగ్గరా సీసా ఉంది. సీసాలో నీళ్లూ ఉన్నాయి. సాయంత్రం ఇంటికి పోయాక తాగుదాంలే అని దాచిపెట్టుకున్న నీళ్లు అవి. తక్కువ తాగి, వచ్చినదాన్ని గంటల తరబడి బిగబట్టుకుంటే మూత్రంలో ఇన్ఫెక్షన్లు వస్తాయి, చిక్కబడ్డ మూత్రం రాళ్లు కడుతుంది. ఏ డాక్టరైనా చెప్పేది రోజుకి రెండున్నర మూడు లీటర్లు తాగమ్మా అనే. ఎక్కడ వదలాలో మాత్రం చీటీలో రాయరు.

2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 18వ సెక్షన్ చదివితే ఆశ్చర్యమేస్తుంది. తాగే నీళ్లు ఎక్కడున్నాయో పనివాళ్లకి తెలిసిన భాషలో బోర్డు పెట్టాలని, ఆ నీళ్లు మరుగుదొడ్డికి ఆరు మీటర్ల లోపు ఉండకూడదని, 250 మందికి మించి పనిచేసే చోట ఎండాకాలం చల్లటి నీళ్లే ఇవ్వాలని అందులో ఉండేది. దాని పక్కనే 19వ సెక్షన్, ఆడవాళ్లకీ మగవాళ్లకీ వేరువేరుగా మరుగుదొడ్లు. నీళ్లూ మరుగూ పక్కపక్క సెక్షన్లుగా రాసుకున్నారు ఆనాడే. ఆ మర్యాద అంతా గోడల లోపలే ఆగిపోయింది. కల్లానికీ బస్సుకీ బండికీ గోడలు లేవు.

ఇంతలో మీకే అవసరం పడుతుంది. పొద్దుణ్నుంచీ లీటరున్నర తాగారు మరి. మొహమాటంగా చెబుతారు. అతను ఇక్కడే డబ్బులిచ్చి వెళ్లేది ఉందని వేలు చూపిస్తాడు, అయిదు నిమిషాల్లో తిరిగొస్తారు. రంగు లేత పసుపుగా ఉందా లేదా చూసుకోమని అతనే చెప్పాడు, ముదిరితే నీళ్లు తగ్గినట్టు. మీకింత తేలిగ్గా జరిగిపోయిన ఈ పని కోసం కండక్టరమ్మ దినమంతా గొంతు ఎండబెట్టుకుంటోంది.

నాలుగింటికి మందుల షాపు ముందు పార్సిల్. లోపల ఫ్రిజ్‌లో రంగురంగుల పండ్లరసం డబ్బాలు. అతను వాటి వంక చూడడు, ఓఆర్‌ఎస్ పొడి ప్యాకెట్ రెండు అడుగుతాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం లీటరు నీళ్లకి 20.5 గ్రాముల పొడి: గ్లూకోజు 13.5, మామూలు ఉప్పు 2.6, మిగతాది పొటాషియం క్లోరైడు, సిట్రేటు. చక్కెర ఎక్కువేసి అదే పేరుతో అమ్మే డబ్బాల మీద హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రత సంస్థ ఆ లెక్కకి సరిపోని పానీయాల మీద ఓఆర్‌ఎస్ అన్న మాటే ఉండకూడదని ఉత్తర్వులిచ్చింది. ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి, సగం సగం వేసుకుంటే లెక్క తప్పుతుంది. అతను దాన్ని సంచి తిత్తిలో కలపడు, సీసాలోనే కలుపుతాడు. తిత్తిలో తీపి పడితే గొట్టం లోపల బూజు పడుతుందట.

అయిదు దాటాక గాలి తిరుగుతుంది. కొత్తపట్నం వైపు నుంచి, ఇరవై కిలోమీటర్ల లోపే ఉన్న సముద్రం మీది నుంచి, మెత్తగా. హమ్మయ్య అనిపిస్తుంది. ఆ వెంటనే చెమట కారడం మొదలవుతుంది, మెడ మీద నుంచి, కనుబొమ్మల మీద నుంచి, చుక్కలు చుక్కలుగా. పొద్దున కన్నా ఎక్కువ చెమట పోస్తున్నట్టు కనిపిస్తుంది గాని, గాలిలో చెమ్మ పెరిగి ఆరడం తగ్గింది. కారే చెమట ఒంటిని చల్లబరచదు. వాతావరణం చల్లబడిందని తాగడం ఆపేసేది ఇప్పుడే, సాయంత్రం తలనొప్పులు మొదలయ్యేదీ ఇప్పుడే. అద్దంకి బస్టాండు దగ్గర సోడా బండి ముందు ఆగి రెండు ఉప్పు నిమ్మసోడాలు చెబుతాడు. గోలీ ధన్‌మని లోపలికి దిగుతుంది.

ఏడున్నరకి గోడౌన్. సంచి విప్పితే వీపు మీద దాని ఆకారంలో చొక్కా తడిసి ఉంది. అతను తిత్తిలో మిగిలిన నీళ్లు కిటికీ పక్క తులసి కుండీలో పోసి, వేడినీళ్లలో నిమ్మకాయ పిండి ఊపి కడిగి, లోపలి గోడలు అంటుకోకుండా ఒక చెంచా నిలువుగా దూర్చి ఆరబెడతాడు. గొట్టం విడిగా వేలాడదీస్తాడు. రాత్రంతా ఆరాలి.

గోడౌన్‌లో కొత్తగా చేరిన ఒకామె ఉంది. ఇద్దరు పిల్లల తల్లి, ముప్పై దాటుంటాయి. రేపటి నుంచి ఆమెకీ స్కూటీ, ఆమెకీ ఒక రూటు. స్టాండు మీద క్యాను పక్కన నిలబడి సంచి వంక చూస్తుంది గాని, ఎంతకి కొన్నావని అడగదు.

"తమ్ముడూ, నీ ఫోన్లో ఏందో మ్యాపు పెట్టినావంట గదా. అది నాకు పంపు."

పంపుతాడు. నీలం చుక్కలు చలివేంద్రాలు, వాటర్ ప్లాంట్లు. ఎరుపు చుక్కలు మరుగుదొడ్లు: బస్టాండు, ఆసుపత్రి, రెండు పెట్రోలు బంకులు, ఒక కల్యాణ మండపం. ఆమె ఎరుపు చుక్కల్నే ఒక్కొక్కటి నొక్కి చూస్తుంది.

"ఈ బంకులో లోపల గడియ ఉంటదా?"

"తెలవదక్కా. నేను చూళ్లేదు."

"తాళం ఎవరి దగ్గరుంటది?"

"మేనేజరు దగ్గర. అడిగితే ఇస్తాడు. చీకటి పడితే ఇవ్వడు."

ఆమె దాని పక్కన రాసుకుంటుంది: సాయంత్రం ఆరు లోపు. ఇంకో చుక్క నొక్కుతుంది. ఇంకోటి. తర్వాత మ్యాపు పెద్దది చేసి, తన రూటు మొదట్నుంచి చివరి దాకా వేలితో లాగుతుంది.

"పన్నెండు నుంచి రెండు దాకా నేను ఇటు ఉంటా. ఇటు ఏదీ లేదేంది?"

"ఇటు లేదక్కా," అంటాడతను. "బస్టాండు దాకా రావాల్సిందే."

"పోను ఎంత, రాను ఎంత?"

"అర్ధగంట."

"అర్ధగంటంటే ఎన్ని పార్సిళ్లు?"

అతను వేళ్ల మీద లెక్కపెడతాడు.